కంప్యూటరు తాళగతి: వేగము పెంచినవారి కథ

కోలాటము ఎరుగని తెలుగువారు ఉండరు. మధ్య నిలబడిన గురువు తాళము వేస్తూ ఉంటే, చుట్టూ తిరిగేవారందరూ ఆ తాళమునకు కోలలు తాకిస్తారు. గురువు లయ పెంచితే ఆట జోరెక్కుతుంది. కాని ఎంతవరకు? ఇరువదిమందిలో ఒక్కరు ఆ లయను అందుకోలేకపోయినా కోల తప్పుతుంది, జట్టు చెదురుతుంది. కనుక ఆట వేగమును నిర్ణయించేది అందరిలోకి చురుకైనవాడు కాదు, అందరిలోకి నిదానమైనవాడు.

కంప్యూటరులోను ఇటువంటి తాళము ఒకటి ఉన్నది. క్వార్ట్‌జ్ స్ఫటికపు ముక్క ఒకటి విద్యుత్తు వలన సెకండుకు లక్షలసార్లు క్రమము తప్పక స్పందిస్తుంది. ఆ స్పందనలే యంత్రమునకు గడియారపు దెబ్బలు. ప్రతి దెబ్బకు ప్రాసెసరు ఒక అడుగు వేస్తుంది. స్మృతి, అనగా వాడుకలో మెమరీ అనునది, అడిగిన అంకెను అందిస్తుంది. తెరపై బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు తన పని సాగిస్తుంది. తయారుచేసినవారు నిర్ణయించిన దానికంటె ఈ తాళమును త్వరితము చేయుటనే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

తక్కువ ధర యంత్రముతో ఎక్కువ ధర యంత్రము చేసే పనిని చేయించుకొనవలెనన్న ఆశ దీనికి మూలము. ఆ ఆశ కొందరికి ఫలించినది. కొందరికి దాచుకున్న సమాచారమునంతా పాడుచేసినది. ఈ తేడాకు అదృష్టమొక్కటే కారణము కాదు. స్మృతి, గ్రాఫిక్స్, విద్యుత్తు – ఈ మూడింటి లెక్క ముందుగా వేసుకొన్నారా లేదా అన్నదే ముఖ్యము. ఆ లెక్క ఎట్లా పుట్టి పెరిగినదో తెలుసుకొనుట విజ్ఞానదాయకము.

టెలివిజను ఇచ్చిన లయ

1981 ఆగస్టులో అమెరికాలో ఐబీఎం సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. దానిలోని స్ఫటికము సెకండుకు 1 కోటి 43 లక్షల సార్లకు పైగా, సరిగా చెప్పవలెనంటే 14.31818 మెగాహెర్ట్‌జ్ చొప్పున, స్పందించేది. ఈ వింత సంఖ్యను ఎందుకు ఎన్నుకొన్నారు? దానిని నాలుగుచే భాగిస్తే 3.58 వస్తుంది. అమెరికా రంగుల టెలివిజనులో రంగును మోసుకొనిపోయే తరంగమునకు పౌనఃపున్యము అదియే. అదే సంఖ్యను మూడుచే భాగిస్తే 4.77 వస్తుంది. అది ప్రాసెసరుకు లయ అయినది. ఒకే స్ఫటికము బొమ్మలకును లెక్కలకును పనికివచ్చినది. ప్రాసెసరు వేగమునకును తెరపై బొమ్మకును ఉన్న బంధుత్వము ఇట్లా తొలినాడే ఏర్పడినది.

ఆ యంత్రమునకు విద్యుత్తు నిచ్చే పెట్టె సామర్థ్యము 63.5 వాట్లు మాత్రమే. వెనుకటి 60 వాట్ల గృహదీపము కంటె కొంచెమే ఎక్కువ. 1983లో అదే సంస్థ హార్డ్‌డిస్కుతో కూడిన ఎక్స్‌టీ యంత్రమును తెచ్చినప్పుడు ఆ పెట్టెను 130 వాట్లకు పెంచవలసి వచ్చినది. పాత యంత్రములో హార్డ్‌డిస్కు అమర్చుకొనదలచినవారు చాలమంది ముందుగా పవర్ సప్లై మార్చుకొన్నారు. ఒక భాగమును పెంచుటకు వేరొక భాగమును పెంచవలసి వచ్చుట కంప్యూటరు చరిత్రలో అప్పటినుండి నేటివరకు సాగుతున్న కథ.

1984లో ఏటీ అను యంత్రము వచ్చినది. దాని స్ఫటికము 12 మెగాహెర్ట్‌జ్. ప్రాసెసరు దానిలో సగము, అనగా 6 మెగాహెర్ట్‌జ్ లయలో నడిచేది. కొందరు ఉత్సాహవంతులు ఆ స్ఫటికమును ఊడదీసి 16 మెగాహెర్ట్‌జ్ స్ఫటికమును పెట్టినారు. వేగము 8 మెగాహెర్ట్‌జ్ అయినది. అతి స్వల్పమైన వస్తువు వలన యంత్రము మూడవ వంతు చురుకుదనము పుంజుకొన్నది. ఐబీఎం దీనిని సహింపక, తరువాతి ఏటీలలో యంత్రము మేలుకొనగానే తన వేగమును తానే పరీక్షించుకొని, అది మితిమీరితే నడవకుండ ఆగిపోయే ఏర్పాటు చేసినది. 1986లో మరల తానే 8 మెగాహెర్ట్‌జ్ ఏటీని అమ్మినది.

చిప్పు మీది అంకెకు అర్థమేమి?

ఒక చిప్పు మీద 300 మెగాహెర్ట్‌జ్ అని ముద్రించి ఉంటే, అది 301 దగ్గర ఆగిపోతుందని అర్థము కాదు. ఒకే సిలికాన్ పలక నుండి వచ్చిన చిప్పులన్నియు ఒకే విధముగా ఉండవు. ఒకే చెట్టు కాయలలో కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి అయినట్లే ఇదియును. కర్మాగారములో ప్రతి చిప్పును పరీక్షించి తరగతులుగా వేరుచేస్తారు. వేడిగా ఉన్నప్పుడును, వోల్టేజి కొంత తగ్గినప్పుడును నిశ్చయముగా పనిచేయగల వేగమునే దానిపై ముద్రిస్తారు. కనుక చల్లని వాతావరణములో చిప్పునకు కొంత మిగులు శక్తి ఉంటుంది. తయారీ బాగా కుదిరిన తరువాత పెద్ద తరగతికి తగిన చిప్పులు అవసరమునకు మించి వస్తాయి. అప్పుడు వాటిలో కొన్నింటిపై చిన్న అంకె వేసి తక్కువ ధరకు అమ్ముట కలదు.

ఈ మిగులును కనిపెట్టినవారిలో మంచివారే కాక మోసగాండ్రును ఉన్నారు. తక్కువ అంకెను గీకివేసి ఎక్కువ అంకెను ముద్రించి చిప్పులను అమ్మిన వర్తకులు 1990లలో బయలుదేరినారు. కొన్నవాడు తన యంత్రము లయ మించి నడుస్తున్నదని ఎరుగడు. దీనిని అరికట్టుటకు ఇంటెల్ సంస్థ ఒక ఉపాయము పన్నినది. ప్రాసెసరు వేగము రెండు సంఖ్యల గుణకారము. మొదటిది మదర్‌బోర్డు వేసే మూలతాళము. రెండవది ప్రాసెసరులోని గుణకము. ఇంటెల్ ఆ గుణకమునకు తాళము వేసి ఎవరును మార్చలేకుండ చేసినది. ఇక వేగము పెంచుటకు మిగిలిన దారి ఒక్కటే: మూలతాళమునే పెంచుట. కాని ఆ తాళమునకు ప్రాసెసరు ఒక్కటే ఆడదు; స్మృతియు, గ్రాఫిక్స్ కార్డును, హార్డ్‌డిస్కును ఆడవలసి ఉన్నది. లెక్క అవసరమైనది ఇచ్చటనే.

1998 నాటి ప్రసిద్ధ ఉదాహరణము

1998 ఆగస్టు 24న ఇంటెల్ విడుదల చేసిన ప్రాసెసర్లలో రెండింటిని చూడండి. ఒకటి 450 మెగాహెర్ట్‌జ్ పెంటియం 2. వేయి చొప్పున కొనేవారికి దాని ధర 669 డాలర్లు. రెండవది 300 మెగాహెర్ట్‌జ్ సెలరాన్ 300ఏ. దాని ధర 149 డాలర్లు. సెలరాన్ గుణకము నాలుగున్నర. దానికి విధించిన మూలతాళము 66 మెగాహెర్ట్‌జ్. పెంటియమునకు విధించిన మూలతాళము 100. సెలరానును కూడ 100 తాళములో నడిపితే ఎంత వేగము వస్తుంది? నాలుగున్నర వందలు, అనగా ఖరీదైన పెంటియము వేగమే.

ఆశ్చర్యమేమనగా, చాల సెలరాన్లు ఈ వేగమును తట్టుకొన్నవి. ప్రాసెసరు తన కూడ ఉంచుకొనే చిన్న స్మృతిని క్యాష్ అంటారు. సెలరానులో అది 128 కిలోబైట్లు మాత్రమే అయినను ప్రాసెసరు చిప్పులోనే ఉండి దానితో సమానమైన వేగమున నడిచేది. పెంటియములో అది 512 కిలోబైట్లు. కాని వేరే చిప్పులలో ఉండి సగము వేగమున నడిచేది. అందుచేత అనేక పనులలో చవుక చిప్పు ఖరీదైన చిప్పునకు తీసిపోలేదు. మదర్‌బోర్డుకు తగిలే అంచుపై ఉన్న ఒక్క సన్నని లోహపు పట్టీని జిగురు కాగితముతో కప్పితే చాలు, అనేక బోర్డులు దానిని 100 తాళపు చిప్పుగా భావించేవి. విద్యార్థులకు, స్వల్ప ఆదాయము కలవారికి ఇది గొప్ప అవకాశమైనది. అయితే చిప్పు వెలలో మిగిలిన సొమ్ములో కొంత మిగిలిన భాగములపై వెచ్చింపక తప్పలేదు.

మొదటి లెక్క: స్మృతి

తాళము 66 మెగాహెర్ట్‌జ్ అయితే ఒక దెబ్బకును మరియొక దెబ్బకును మధ్య 15 నానోసెకండ్ల వ్యవధి ఉంటుంది. నానోసెకండు అనగా సెకండులో వందకోట్లవ వంతు. తాళము 100 అయితే ఆ వ్యవధి 10 నానోసెకండ్లకు తగ్గుతుంది. 133 అయితే ఏడున్నరకు దిగుతుంది. 66 తాళమునకై చేసిన స్మృతి పలకలకు 10 నానోసెకండ్లలో బదులు చెప్పుట కష్టము. కనుక సెలరానును 100 తాళములో నడుపదలచినవారు పీసీ100 అను ప్రమాణమునకు తగిన స్మృతిని కొనవలసి వచ్చినది. పాత యంత్రము నుండి తీసిన స్మృతిని వాడినవారు తమ ప్రాసెసరు చెడ్డదని నిందించినారు. నిజమునకు కోల తప్పినది స్మృతి.

ఇందులో మరియొక సూక్ష్మము ఉన్నది. అడిగిన అంకెను వెదకి తీయుటకు స్మృతికి కొంత నిర్దిష్టకాలము పడుతుంది. అది 20 నానోసెకండ్లు అనుకొందము. 100 తాళములో అది సరిగా రెండు దెబ్బలు. 133 తాళములో రెండు దెబ్బలు 15 నానోసెకండ్లే కనుక చాలవు. మూడు దెబ్బలు, అనగా ఇరువది రెండున్నర నానోసెకండ్లు ఆగవలెను. తాళము పెరిగినది, కాని మొదటి అంకె చేతికి వచ్చుట ఆలస్యమైనది! తరువాతి అంకెలు వరుసగా త్వరత్వరగా వస్తాయి కనుక మొత్తము మీద లాభము ఉండవచ్చును. కాని వేగపు అంకె ఒక్కటే చూచి స్మృతిని కొనరాదని దీనివలన తెలుస్తున్నది. ఎన్ని దెబ్బలు ఆగవలెనో కూడ చూడవలెను.

రెండవ లెక్క: గ్రాఫిక్స్ కార్డు

గ్రాఫిక్స్ కార్డు ఏజీపీ అను గాడిలో కూర్చుండేది. దానికి విధించిన లయ 66 మెగాహెర్ట్‌జ్. హార్డ్‌డిస్కు మొదలగు వాటిని కలిపే పీసీఐ మార్గమునకు విధించిన లయ 33. ఈ రెండును మూలతాళమును భాగించుట వలననే వచ్చేవి. ఆనాడు పేరుపొందిన ఇంటెల్ 440బీఎక్స్ చిప్పుల జతలో ఏజీపీకి రెండే భాగములు ఉండేవి: మూలతాళము మొత్తము, లేదా దానిలో మూడింట రెండు వంతులు.

లెక్క కట్టి చూడండి. 100 తాళములో మూడింట రెండు వంతులు 66.7, మూడవ వంతు 33.3. రెండును విధించిన లయకే సరిపోయినవి. ప్రాసెసరు ఒకటిన్నర రెట్లు పరుగెత్తుతున్నా గ్రాఫిక్స్ కార్డునకు, హార్డ్‌డిస్కునకు ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు ఒక జాగ్రత్తపరుడు, “100 మరీ ఎక్కువ, 83తో సరిపెట్టుకొంటాను” అనుకొన్నాడని భావింతము. ప్రాసెసరు వేగము 374 దగ్గర ఆగుతుంది. కాని చాల బోర్డులలో 83 తాళమునకు 66 నాటి భాగములే వర్తించేవి. ఏజీపీ 83 మెగాహెర్ట్‌జ్ లయలో, పీసీఐ దాదాపు 42 లయలో నడువవలసి వచ్చేవి. ఈ లయకు హార్డ్‌డిస్కుపై వ్రాత తప్పి సమాచారము చెడిపోయిన సందర్భములు అనేకము. ప్రాసెసరుకు తక్కువ శ్రమ ఇచ్చినవాడు మిగిలిన యంత్రమును ఎక్కువ శ్రమకు గురిచేసినాడు! చిన్న అడుగు ఎల్లప్పుడు క్షేమమైన అడుగు కాదని ఈ ఉదాహరణము చాటుతున్నది.

అదే బోర్డును 133 తాళమునకు ఎక్కించినవారికి మూడింట రెండు వంతుల లెక్కన ఏజీపీ లయ 89 మెగాహెర్ట్‌జ్ అయినది. కొన్ని కార్డులు దానిని ఓర్చుకొన్నవి, కొన్నింటికి బొమ్మలు చెదిరినవి. 2000లో వచ్చిన 815 చిప్పుల జతలో ఇంటెల్ సగము అను భాగమును కూడ చేర్చిన తరువాత 133 తాళములోను ఏజీపీ 66 దగ్గరనే నిలిచినది.

మూడవ లెక్క: విద్యుత్తు, వేడిమి

చిప్పులోని ట్రాన్సిస్టర్లు కోట్లకొలది చిన్న కుండల వంటివి. ప్రతి దెబ్బకు వాటిలో కొన్ని విద్యుదావేశముతో నిండుతాయి, కొన్ని ఖాళీ అవుతాయి. ఇట్లా ఖర్చయే శక్తి గడియారపు వేగమునకు అనులోమముగాను, వోల్టేజి వర్గమునకు అనులోమముగాను ఉంటుంది. సెలరాను వేగమును 300 నుండి 450కి పెంచితే, వోల్టేజి మార్చకున్నను, శక్తి ఒకటిన్నర రెట్లు అవుతుంది.

కొన్ని చిప్పులు 450 దగ్గర తడబడితే వోల్టేజిని 2.0 నుండి 2.2కు పెంచేవారు. వోల్టేజి పెరిగినది పదింట ఒక వంతే. కాని దాని వర్గము 1.21 రెట్లు. ఒకటిన్నరను 1.21తో హెచ్చిస్తే 1.8 దాటుతుంది. అనగా వేగము నూటికి 50 పాళ్లు పెరిగితే, వేడిమి నూటికి 80 పాళ్లకు పైగా పెరిగినది. అందుకే పెద్ద లోహపు రెక్కలు, పంకాలు అవసరమైనవి. వేడిమి, వోల్టేజి కలిసి చిప్పులోని సన్నని లోహపు దారులను, పలుచని బంధక పొరలను క్రమముగా కృశింపజేసి దాని ఆయువును తగ్గిస్తాయి.

ఈ శక్తి అంతా పవర్ సప్లై నుండి రావలెను. దానిపై ముద్రించిన మొత్తము వాట్లను మాత్రమే చూచి కొనుట పొరపాటు. చెరువు నిండా నీరున్నా, కాలువ ఇరుకైతే చివరి పొలము తడవదు. పవర్ సప్లైలో 3.3, 5, 12 వోల్టుల కాలువలు వేరువేరుగా ఉన్నవి. ఒక్కొక్కదానికి ఇన్ని ఆంపియర్లే అని హద్దు కలదు, 3.3, 5 వోల్టుల కాలువలకు కలిపి మరియొక హద్దు ఉండేది. ఏజీపీ గాడి 3.3 వోల్టుల వద్ద 6 ఆంపియర్లు, అనగా దాదాపు 20 వాట్లు ఇవ్వవచ్చునని ప్రమాణము. ప్రాసెసరు శక్తి ఆనాడు ఎక్కువగా 5 వోల్టుల కాలువ నుండి వచ్చేది. కాలువ మీద భారము మించితే 5 వోల్టులు 4.75 కంటె దిగిపోతుంది. అది అనుమతించిన కనిష్ఠము. అప్పుడు యంత్రము అకారణముగా ఆగిపోయినట్లు కనబడుతుంది.

2000లో ఈ చిక్కునకు ఒక భౌతికశాస్త్ర సూత్రమే పరిష్కారము చూపినది. 60 వాట్లను 5 వోల్టుల వద్ద పంపవలెనంటే 12 ఆంపియర్లు కావలెను. 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు చాలును. తీగలో నష్టము విద్యుత్ప్రవాహ వర్గమునకు అనులోమముగా ఉంటుంది కనుక, 144 పాళ్ల నష్టము 25 పాళ్లకు తగ్గుతుంది. అందుచేత ప్రాసెసరు కొరకు నాలుగు సూదుల ప్రత్యేకమైన 12 వోల్టుల కనెక్టరును ప్రమాణములో చేర్చినారు. అదే సంవత్సరము వచ్చిన వూడూ5 5500 అను గ్రాఫిక్స్ కార్డునకు గాడి ఇచ్చే శక్తి చాలక, హార్డ్‌డిస్కుకు పెట్టే తీగనే దానికిని తగిలించవలసి వచ్చినది.

చప్పుడు లేని తప్పు

యంత్రము ఆగిపోతే తప్పు ఉన్నదని తెలుస్తుంది. ఆగకుండ తప్పుడు సమాధానము ఇస్తేనే అసలు ప్రమాదము. 1981 నాటి ఐబీఎం యంత్రములో ప్రతి ఎనిమిది బిట్లకు తొమ్మిదవ బిట్టు ఒకటి కాపలా ఉండేది. ఒక బిట్టు తారుమారైతే అది గుర్తించి యంత్రమును ఆపేది. 1990లలో ధర తగ్గించుటకు చాల గృహోపయోగ యంత్రములలో ఆ కాపలా బిట్టును తీసివేసినారు. ఇక తప్పు జరిగినా చెప్పేవారు లేరు.

దీనికి పరీక్ష గణితము నుండి వచ్చినది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అను ఆయన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ ప్రారంభించి, ప్రపంచమంతట ఉన్న కంప్యూటర్లను అందులో చేర్చినాడు. రెండును తనతోనే అనేకమార్లు హెచ్చించి ఒకటి తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలే ఇవి. ఒక సంఖ్యను పరీక్షించుటకు నిర్విరామముగా ఎంతో కాలము లెక్క సాగవలెను. మధ్యలో ఒక్క బిట్టు తప్పినా శ్రమ అంతా వ్యర్థము. అందుచేత ప్రైమ్95 అను ఆ కార్యక్రమములో, ముందుగా తెలిసిన సమాధానములతో సరిచూచే కఠిన పరీక్ష ఒకటి పెట్టినారు. వేగము పెంచినవారందరు దానిని గంటల తరబడి నడిపి చూచుట ఆచారమైనది. లెక్క తప్పితే లయ తగ్గించవలెను.

కర్మాగారములే నేర్చిన పాఠము

ఔత్సాహికులు తమ బల్లల మీద నేర్చిన ఈ పాఠమును పెద్ద సంస్థలును నేర్చినవి. ఇంటెల్ 4000 మెగాహెర్ట్‌జ్ పెంటియం 4ను తెచ్చెదనని చెప్పి, 2004 అక్టోబరులో ఆ ప్రయత్నమును మానుకొన్నది. 3800 మెగాహెర్ట్‌జ్ చిప్పునకే 115 వాట్ల వేడిమిని తొలగించే ఏర్పాటు కావలసి వచ్చినది. అప్పటినుండి ఒక్క లయనే పెంచుటకు బదులు, ఒకే చిప్పులో రెండు, నాలుగు గణనభాగములను పెట్టుట సాగినది. 2008లో వచ్చిన కోర్ ఐ7 ప్రాసెసర్లు, వేడిమికి, విద్యుత్తునకు హద్దులో ఖాళీ ఉన్నంతవరకు తమ లయను తామే పెంచుకొనుట మొదలుపెట్టినవి. అంతకుముందే, 2007లో, ఎక్కువ లయకు కావలసిన వోల్టేజిని, ఆగవలసిన దెబ్బల సంఖ్యను స్మృతి పలకల మీదనే వ్రాసి ఉంచే పద్ధతి వచ్చినది. ఒకనాడు జిగురు కాగితముతో చేసిన పనికి కర్మాగారమే లెక్క కట్టి ఇచ్చుచున్నది.

అయినను కొనేవాని లెక్క తప్పలేదు. ఏజీపీ తరువాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ గాడి పెద్ద గ్రాఫిక్స్ కార్డునకు 75 వాట్లు ఇస్తుంది. ఆరు సూదుల తీగ మరి 75, ఎనిమిది సూదుల తీగ 150. మూడును కలిస్తే 300 వాట్లు. 2022లో వచ్చిన పదునారు సూదుల కనెక్టరు ఒక్కటియే 600 వాట్ల వరకు మోయవచ్చునని ప్రమాణము. 1981 నాటి ఐబీఎం పెట్టెలు తొమ్మిది కలిసినను అంత శక్తిని ఇవ్వలేవు. ఆ కనెక్టరును చివరివరకు నొక్కి పెట్టకపోతే స్పర్శ చాలక వేడెక్కి కరిగిన సంఘటనలు ఆ సంవత్సరముననే బయటపడినవి. వాట్ల లెక్క సరిపోయినను, చిట్టచివరి లోహపు సూది కూడ లెక్కలోనిదే.

స్ఫటికము మార్చిన నాటి నుండి నేటివరకు ఈ చరిత్ర చెప్పే మాట ఒక్కటే. లయ పెంచదలచినవాడు ముందు చూడవలసినది ప్రాసెసరును కాదు. ఆ లయకు ఆడవలసిన తక్కినవారిని. స్మృతికి ఎన్ని నానోసెకండ్లు మిగిలినవి? గ్రాఫిక్స్ కార్డు లయ ఏ భాగహారము వలన వస్తున్నది? ఏ కాలువలో ఎన్ని ఆంపియర్లు పారవలెను? పుట్టిన వేడిమి ఎటు పోవలెను? ఈ ప్రశ్నలకు కావలసిన గణితమంతా హైస్కూలు తరగతులలో నేర్చుకొన్న గుణకారము, భాగహారము, వర్గము మాత్రమే. సొమ్ము ఖర్చుచేయక ముందు ఒక కాగితము మీద ఆ లెక్క వేసినవాని యంత్రములో కోల తప్పదు.